నిలిచిన బండికి గాలి

హైదరాబాదునుండి పడమటి దెసగా పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేటలమీదుగా సాగి, కంకోల్ టోలుగేటును దాటి, జహీరాబాదు నొరసికొని, చిరాగ్‌పల్లి కావల కర్ణాటకమున ప్రవేశించి, హుమ్నాబాదు, షోలాపురములగుండ పుణెనగరము చేరు 65వ నంబరు జాతీయరహదారిమీద వేసవిలో కార్లు నడుపువారినోట తఱచుగా వినబడు ఫిర్యాదొకటి కలదు. రహదారిమీద ఎనుబది కిలోమీటర్ల వేగముతో పరుగెత్తినంతసేపు ఉష్ణసూచికలోని ముల్లు నడుమనుండి కదలదు; ఏసీ చల్లగా వచ్చుచుండును; బండికి ఏ బాధయు ఉన్నట్లు తోచదు. తీరా ఊరిలో ప్రవేశించి, లారీలవెనుకనో బస్టాండు ముందటి రద్దీలోనో పది నిమిషములు నిలువవలసి వచ్చునప్పటికి, ఏసీనుండి వేడిగాలి మొదలగును, ముల్లు ఎఱ్ఱగీతవైపు ప్రాకును, మరికొంతసేపటికి బానెట్టు సందులనుండి ఆవిరి వెలువడును. "గాడీ గరమైంది" అని యజమాని క్రిందికి దిగి మిస్త్రీకై నలువైపుల చూచును.

పరుగెత్తునప్పుడు ఎక్కువ శ్రమించు ఇంజను అప్పుడు చల్లగానుండి, పనియేమియు లేక నిలిచియున్నప్పుడు కాగిపోవుట పైకి విపరీతముగా కనిపించును. కాని రోగనిదానమునకు మూలసూత్రము ఈ వైపరీత్యములోనే ఇమిడియున్నది. ఇంజనులో కాలిన పెట్రోలుయొక్క శక్తిలో రమారమి మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగమగును. ఇంకొక మూడవవంతు పొగగొట్టమునుండి వేడిగా వెలికిపోవును. తక్కిన దానిలో అధికభాగమును ఇంజను చుట్టును తిరుగు ద్రవము గ్రహించి, ముందుభాగముననున్న రేడియేటరునకు మోసికొనిపోయి, అందలి సన్నని గొట్టములకు అంటియున్న రేకులద్వారా గాలికి అప్పగింపవలెను. బండి వేగముగా పోవునప్పుడు ఎదురుగాలియే ఆ రేకులసందులనుండి దూసికొనిపోవును గనుక ఫ్యానుతో ప్రయోజనము స్వల్పము. బండి నిలిచినంతనే ఎదురుగాలి పోయి, చల్లబఱచు భారమంతయు ఫ్యానుమీద పడును. కావున పరుగులో చల్లగానుండి నిలిచినచోట మాత్రమే కాగు బండిలో మొట్టమొదట అనుమానింపదగినది ఫ్యాను, దానికి సంబంధించిన విద్యుత్తు. దీనికి విపర్యయముగా, రహదారిమీదనే ముల్లు పైకి పోవుచున్నచో, ఫ్యానును వదలి, మూసికొనిపోయిన రేడియేటరును, నీటిని త్రిప్పు పంపును, తెఱచుకొనని థర్మోస్టాటును, తగ్గిపోయిన ద్రవమును శోధింపవలెను. పరుగులో కాగునా, నిలిచినప్పుడు కాగునా అను ఈ ఒక్క ప్రశ్నకు జవాబును మిస్త్రీ అడుగకున్నను యజమాని తానై చెప్పినచో, సగము వెదకులాట తప్పిపోవును. "హీటవుతోంది, చూడు" అని తాళపుచెవి చేతికిచ్చి టీకొట్టువైపు నడచు మహాశయులు తమ సొమ్ముతో పరుల విద్యాభ్యాసమునకు తోడ్పడుచున్నారని నా యభిప్రాయము.

రేడియేటరు వెనుక ఫ్యానును నిలుపుట క్రొత్తసంగతి కాదు. 1900లో జర్మనీదేశమున విల్‌హెల్మ్ మైబాక్ అను ఇంజనీరు, మెర్సిడెస్ పేరుతో వెలువడిన 35 అశ్వశక్తి బండికి, ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టములు ఎనిమిదివేలకు పైగా పేర్చి తేనెపట్టురూపమున రేడియేటరును నిర్మించి, మెల్లగా పోవునప్పుడు చాలని గాలిని పూరించుటకై దానివెనుక ఫ్యాను నమర్చెను. అది మొదలు చిరకాలము ఫ్యాను ఇంజనుకే కట్టుబడియుండెను. బెల్టుతో తిరుగు ఆ ఫ్యాను ఇంజను తిరిగినంతసేపు తిరుగును, అది ఆగిన నాగును. మన అంబాసిడరు, ప్రీమియరు పద్మినీలు ఆ మతమునకు చెందినవే. 1983 డిసెంబరు 14వ తేదీన ఢిల్లీలో ప్రథమముగా యజమాని చేతికందిన మారుతి 800లో ఇంజను అడ్డముగా కూర్చుండెను. దాని బెల్టుకొన బండి ప్రక్కకు తిరిగియుండుటచే ముందుభాగముననున్న రేడియేటరుకు బెల్టుఫ్యాను ఎదురుపడదు. కావున ఫ్యానునకు వేఱుగా మోటారు పెట్టి, దానికి బ్యాటరీనుండి కరెంటు నీయవలసివచ్చెను. దీనివలన పెట్రోలు మిగిలినది, చప్పుడు తగ్గినది, ప్రొద్దుటిపూట ఇంజను త్వరగా వేడెక్కుటకును వీలు కలిగినది. కాని మునుపు బెల్టు తెగిన కంటికి కనబడెడిది. ఇప్పుడు వైరులలో ఎక్కడ ఏమి తెగినదో వెదకిన గాని కానరాదు.

ఈ రెండు మతములును జహీరాబాదులో ప్రక్కప్రక్కనే కనబడును. 1980ల దశకమున హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుదేశపు నిస్సాన్ సహకారముతో తేలికపాటి సరుకుబండ్ల కర్మాగారమును స్థాపించినది ఈ ఊరిలోనే. పిమ్మట అది మహీంద్రావారి చేతికి వచ్చెను. 2013 మొదలు ఇక్కడ ట్రాక్టర్లు తయారగుచున్నవి. పొలములో రోజంతయు నడకవేగముతో దున్ను ట్రాక్టరునకు ఎదురుగాలి యను భాగ్యము ఎన్నడును లేదు. అందుచేత దానికి నిరంతరము తిరుగు బెల్టుఫ్యానే తగినది. ఆ ట్రాక్టరు పొలముగట్టున, దాని యజమాని కారు రహదారిమీద, రెండును ఒకే ఎఱ్ఱమట్టిదుమ్మును పీల్చుచున్నను, వైద్యము మాత్రము వేఱువేఱు.

కారులోని విద్యుత్ ఫ్యాను స్వతంత్రముగా ఏమియు చేయజాలదు. అది ఉత్తరువులకు లోబడిన సేవకునివంటిది. ఇంజనునుండి వచ్చు ద్రవములో మునిగి యొక సెన్సారు ఉండును. వేడి పెరిగినకొలది దాని విద్యుత్ నిరోధము తగ్గిపోవును. ఇరువది డిగ్రీలయొద్ద రెండు రెండున్నర వేల ఓములుండునది, ఎనుబది డిగ్రీలు చేరునప్పటికి మూడువందల ఓములకు దిగును. ఈ మార్పును ఇంజను కంప్యూటరు, అనగా ఈసీఎం, గమనించుచుండి, ద్రవము తొంబదియైదు నూఱు డిగ్రీల ప్రాంతమునకు చేరినంతనే రిలే యను విద్యుత్ మీటను లాగును. రిలేయొక్క చిన్న తీగచుట్టలో స్వల్పముగా ప్రవహించు కరెంటు లోపలి పలకలను కలుపగా, బ్యాటరీనుండి ఫ్యూజుద్వారా పది పదునైదు ఆంపియర్ల కరెంటు మోటారునకు పారును. కొన్ని డిగ్రీలు దిగినతోడనే ఉత్తరువు రద్దగును. ఏసీ వేసినప్పుడు మాత్రము ద్రవము వేడితో నిమిత్తములేక ఫ్యాను తిరుగును. ఏలననగా రేడియేటరు ముందు నిలిచియున్న ఏసీ కండెన్సరునకును గాలి కావలెను. రోగము ఎక్కడనున్నదో తెలిసికొనుట యనగా ఉత్తరువు పుట్టినదా, పుట్టినది చేరినదా, చేరినదానిని మోసికొనిపోవు కరెంటు ఉన్నదా, కరెంటు ఉన్నను మోటారు మూలబడినదా అని వరుసగా విచారించుట.

అన్నిటికంటె ముందు ద్రవము సరిపోవునంత ఉన్నదేమో చూడవలెను, అదియును ఇంజను పూర్తిగా చల్లారినపిమ్మట. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని బయటి వాతావరణముకంటె ఇంచుమించు 0.9 బార్ల మేరకు నిలిపియుంచును. జహీరాబాదు సముద్రమట్టమునకు ఆఱువందల మీటర్లకు పైగా ఎత్తుననున్న పీఠభూమి గనుక ఇక్కడ తెఱచిన గిన్నెలోని నీరు నూఱు డిగ్రీలదాక పోకమునుపే, తొంబదియెనిమిది ప్రాంతముననే మరగును. కాని ఆ మూతక్రింద, సగము కూలెంటు సగము నీరు కలసిన ద్రవము 120 డిగ్రీలు దాటినను మరగదు. వేడిమీద మూత త్రిప్పినచో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అంతవఱకు మరుగక ఆగియున్న ద్రవమంతయు ఆవిరియై ముఖముమీద చిమ్మును. గుడ్డ చుట్టి త్రిప్పిన నేమియుకాదను ధీరులు కలరు. వారి ముంజేతులమీది మచ్చలే వారికి జవాబు.

ద్రవము తక్కువైనచో వచ్చు చిక్కు మఱియొకటి కలదు. దానిని గ్రహింపకయే అనేకులు బాగున్న ఫ్యానును మార్చుచుందురు. సెన్సారు ద్రవములో మునిగియున్నప్పుడే వేడిని సరిగా తెలుపగలదు. మట్టము దిగి, సెన్సారు గాలిబుడగలో చిక్కుకొన్నయెడల, ఇంజను ఉడికిపోవుచున్నను అది "ఫరవాలేదు" అనియే చెప్పుచుండును; ఫ్యానునకు ఉత్తరువే పుట్టదు. పాత బండ్లలో ఉష్ణమునకు కలిసెడి మీట రేడియేటరుకే బిగింపబడియుండును గనుక, థర్మోస్టాటు మూసికొని బిగిసిపోయినప్పుడును ఇట్లే జరుగును: వేడినీరు రేడియేటరుదాక రాదు, అక్కడి మీటకు వేడి తగులదు, ఫ్యాను తిరుగదు. అట్టిచోట కదలని ఫ్యానును నిందించుట న్యాయముకాదు.

మట్టము సరిగానున్నచో పైసా ఖర్చులేని పరీక్ష యొకటి చేయవచ్చును. ఇంజనును నడిపించి ఏసీ వేయవలెను. ఒకే ఫ్యాను గల చిన్నకారులో ఏసీకి ఫ్యాను తిరిగి, వేడికి మాత్రము తిరుగకున్నచో, మోటారు, దాని ఫ్యూజు, వైరులు బాగుగనే ఉన్నవన్నమాట. లోపము సెన్సారులోనో ఉత్తరువు పుట్టుచోటనో ఉన్నది. ఏసీకిని తిరుగకున్నచో మోటారువైపు నడువవలెను. ఐతే రెండు ఫ్యానులుగల బండిలో ఒకటి ఏసీకి, ఒకటి రేడియేటరునకు వేర్వేరు రిలేలతో పనిచేయవచ్చును. ఏసీలో గ్యాసు తగ్గినను కంప్రెసరు అందుకొనక ఫ్యాను కదలకపోవచ్చును. ఈ తేడాలు మఱచిపోయిన పరీక్ష దారి తప్పించును.

ఉత్తరువుపై అనుమానము కలిగినప్పుడు సెన్సారు కనెక్టరును ఊడదీసి చూచు పద్ధతి కలదు. సెన్సారునుండి వార్త యేమియు రాకపోవుటచే, అనేక బండ్లలో కంప్యూటరు కీడు శంకించి ముందుజాగ్రత్తగా ఫ్యానును త్రిప్పివేయును. అప్పుడు తిరిగినచో రిలే, మోటారులు నిర్దోషులు. సెన్సారో, దాని కనెక్టరులోని పచ్చని చిలుమో దోషి. ఇట్లు చేసినపుడు మీటరుబోర్డుమీద చెక్ ఇంజన్ దీపము వెలుగును. స్కానరు తగిలించినచో పీ0117, పీ0118 వంటి కోడులు సెన్సారు గుఱించియు, పీ0480 ఫ్యాను నియంత్రణవలయము గుఱించియు పలుకును. స్కానరుగలవాడు ఇంకొక మేలుచేయును: కంప్యూటరు మనస్సులో ద్రవము వేడి యెంతయున్నదో అంకెలలో చదివి చెప్పును. చేయిపెట్టలేనంతగా గొట్టము కాలుచుండగా తెరమీద నలుబది డిగ్రీలని కనబడినచో ఇక వేఱే సాక్ష్యము అక్కఱలేదు. కోడు వచ్చినదని ఆ భాగమును కొనివేయుట మాత్రము తగదు. కోడు చెప్పునది వలయమును గుఱించియే గాని వస్తువును గుఱించి కాదు.

రిలే పరీక్ష సులభము. ఫ్యూజుపెట్టెలో అదే నంబరుగల రిలే హారనుకో మఱియొకదానికో ఉండును. రెండింటిని తారుమారుచేసిన నిజము తేలిపోవును. టక్కుమను చప్పుడు వినబడినంతనే రిలే బాగున్నదనుకొనుట పొరబాటు; తీగచుట్ట లాగినను లోపలి పలకలు కాలిపోయి కరెంటు దాటకపోవచ్చును. ఫ్యూజు పదేపదే కాలిపోవుచున్నచో లోపము ఫ్యూజుది కాదు. మోటారు బిగుసుకొని మితిమీరిన కరెంటు లాగుచున్నదో, వైరు ఎక్కడనో ఒరిసికొని బాడీకి తగులుచున్నదో చూడవలెను. పెద్ద ఫ్యూజు వేసినచోటను, రాగితీగ చుట్టినచోటను ఫ్యూజునకు బదులు వైరుకట్ట కాలును. దాని ధరముందు ఫ్యాను ధర ఏపాటిది?

మోటారును చేతితో త్రిప్పిచూడవలెనన్న మొదట బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. తాళము తీసినపిమ్మటను కొన్ని బండ్లలో ఫ్యాను తనంతట తాను లేచును. వ్రేళ్ళు పోయినవా రీ సంగతి ఎఱుగనివారే. ఱెక్కలు సునాయాసముగా తిరుగక బిగపట్టినచో, లేక ఇరుసు అటునిటు ఊగినచో లోపలి బుష్షులు అరిగినవి. చక్కగా తిరిగినను పనిచేయనిచో బ్యాటరీనుండి ఫ్యూజుగల రెండు వైరులతో నేరుగా కరెంటు నిచ్చి చూడవలెను. చెక్కపిడితో మోటారు వెన్నుమీద మెల్లగా తట్టినంతనే తిరుగుట మొదలిడినచో కార్బను బ్రష్షులు అరిగిపోయి తమ ఆసరాను వదలుకొన్నవని అర్థము. ఈ తట్టుడువైద్యము ఇల్లు చేరుటకు చాలును, వేసవి గడచుటకు చాలదు.

ఇంతయు చూచి ఏ లోపమును కానక, క్రొత్త మోటారు వేసినను ఫ్యాను నీరసముగా తిరుగు సందర్భములు కలవు. నా దృష్టిలో ఈ విషయమంతటిలో మిక్కిలి ఉపేక్షింపబడు భాగ మిదియే. వానకాలమున తడిసి వేసవిలో ఎండు కనెక్టరులలోను, బాడీకి బిగించు ఎర్తు బోల్టుక్రిందను తుప్పు చేరి, ఓములో పదవవంతు నిరోధము పెరిగినదనుకొనుడు. పదునైదు ఆంపియర్లు పారునప్పుడు అక్కడ ఒకటిన్నర వోల్టులు హరించుకొనిపోవును; ఇరువదిరెండున్నర వాట్ల వేడి ఆ చిన్న కనెక్టరులోనే పుట్టును. ప్లాస్టికు గోధుమవన్నెకు తిరిగి, మెత్తబడి, చివరకు కరగును. ఫ్యాను ఆగియున్నప్పుడు మల్టీమీటరుతో కొలిచినచో పన్నెండు వోల్టులు నిండుగా కనబడును. ఏలననగా పారని కరెంటునకు పోగొట్టుకొనునదేమియు లేదు. అందువలన ఫ్యాను తిరుగుచుండగనే కొలువవలెను: మోటారు ఎర్తు తీగకును బ్యాటరీ నెగటివ్ మొనకును నడుమ అరవోల్టు మించి కనబడినచో ఎర్తు చెడినది. గరుకుకాగితముతో రుద్ది బోల్టు బిగించుటతో ఈ రోగము కుదురును. వేలు ఖర్చుపెట్టి క్రొత్త ఫ్యాను కొన్నవానికి ఈ సంగతి చెప్పుట ధర్మమా యని అప్పుడప్పుడు సందేహము కలుగును.

ఫ్యాను బలముగా తిరిగినను గాలి ఆడకపోవచ్చును. జహీరాబాదు ప్రాంతపు ఎఱ్ఱరేగడిదుమ్ము, చెఱకు క్రషింగు కాలమున బండ్లనుండి ఎగిరిపడు ఆకు, కందిపొట్టు, పురుగులు అన్నియు కండెన్సరునకును రేడియేటరునకును నడుమ చిక్కి, పొరలుపొరలుగా గట్టిపడును. ముందునుండి చూచిన కండెన్సరు శుభ్రముగనే కనబడును. మలినము దాని వెనుకనుండును. వెనుకవైపునుండి ముందునకు సన్నని ధారతో నీరు కొట్టి కడుగవలెను. ఒత్తిడి పంపును దగ్గఱగా పట్టినచో రేకులు మడిచికొనిపోయి శాశ్వతముగా మూసికొనును. మోటారును రీవైండు చేయించినపుడు వైరులు తారుమారైనచో ఫ్యాను వెనుకకు తిరిగి, వేడిగాలిని బండి ముందునకు నెట్టును. బండి పరుగెత్తునప్పుడు ఎదురుగాలితో కుస్తీపట్టును. గ్రిల్లుముందు ఒక కాగితమును పట్టుకొని, అది లోపలికి అంటుకొనుచున్నదో బయటికి ఎగురుచున్నదో చూచినంతనే ఈ గుట్టు బయటపడును. ఫ్యాను చుట్టునుండు ప్లాస్టికు తొడుగును పగిలినదని తీసివేసినచో, ఫ్యాను రేడియేటరు అంతటినుండి లాగవలసిన గాలిని ఒక వలయమునుండి మాత్రమే లాగును. రెండు వేగములుగల ఫ్యానులో తక్కువవేగమునకుండు రెసిస్టరు కాలిపోయినచో, ఫ్యాను చాలసేపు ఊరకుండి, ఆపై ఒక్కసారిగా భోరున లేచును. చాలమంది దీనిని రోగముగా గుర్తింపరు.

ఇవన్నియు వెదకుటకు ఓపికలేనిచోట రోడ్డుప్రక్కన దొరకు పరిహారము ఒక్కటే. "డైరెక్టు చేస్త సారూ, ఇగ ఫికరే ఉండది" అని మిస్త్రీ బ్యాటరీనుండి ఫ్యానునకు ఒక వైరు, నడుమ ఒక స్విచ్చి తగిలించును. నడిరోడ్డున చిక్కుకొన్న కుటుంబమును ఇల్లు చేర్చుటకు ఇది సాధనమే; దానిని నేను తప్పుపట్టను. కాని అదియే శాశ్వతమైనచో, ప్రొద్దుటిపూట ఇంజను వేడెక్కవలసిన సమయమునకు వేడెక్కక పెట్రోలు ఎక్కువ త్రాగును. స్విచ్చి తీయ మఱచిన రాత్రి బ్యాటరీ ఖాళీయగును. స్విచ్చి వేయ మఱచిన మధ్యాహ్నము అల్యూమినియము హెడ్డు వంగి, హెడ్డు గాస్కెట్టు పోవును. ఇట్టిదే థర్మోస్టాటును పీకివేయు ఆచారము. బోరునీళ్ళు పోయుట మూడవది: అందలి సున్నము గొట్టములలో పేరుకొని, కూలెంటులోని తుప్పునిరోధక ద్రవ్యములను పలుచనచేసి, ఎంతమంచి ఫ్యాను తిరిగినను వేడి గాలికి అందకుండ అడ్డుపడును.

దారిలో ముల్లు లేచినప్పుడు, లేక ముల్లులేని నేటి చిన్నకార్లలో ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు, మొదట ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తెఱచి, బ్లోయరు పెంచవలెను. నడివేసవిలో ఇది తపస్సే యైనను ఇంజను వేడిలో కొంతభాగము బండిలోనికి దిగిపోవును. ద్రవము కారుచున్నట్లు జాడలేక, కంకోల్ దాటినతరువాతవలె దారి తెఱపిగా ఉన్నచో, మితవేగముతో సాగిపోవుట నిలిచి ఇంజను నడుపుటకంటె మేలు, ఎదురుగాలియే ఫ్యానుపని చేయును గనుక. అయినను ముల్లు దిగకున్నచో, లేక ఆవిరి వచ్చినచో, ప్రక్కకు తీసి ఇంజను ఆపి, అరగంటకు తక్కువకాకుండ వేచి, ఆపైననే మూత తాకవలెను. కాగియున్న ఇంజనులో చల్లని నీరు పోసినచో లోహము చిట్లవచ్చును.

మరమ్మతు అయినదని మిస్త్రీ చేతులు తుడుచుకొన్న పిమ్మట, ఒక పావుగంట అక్కడనే ఆగుట మంచిది. ఏసీ వేయక, బండిని నీడలోనికి మార్చక, ఇంజనును మందగతిని నడువనిచ్చి, ఫ్యాను తనంతట తాను లేచుటయు, కొన్ని డిగ్రీలు దిగినపిమ్మట తనంతట తాను ఆగుటయు, మరల లేచుటయు చూడవలెను. లేచి ఆగకున్నచో రిలే పలకలు అతుకుకొనియుండును, లేదా చెప్పకుండ డైరెక్టు చేసియుందురు. రెండుసార్లు లేచి రెండుసార్లు ఆగినచో డబ్బు చెల్లించి, సాయంత్రపు రద్దీ మొదలుకాకముందే బయలుదేరవచ్చును.